మూడో గేముకు ముందు

మూడింటికి మొదలుపెడతామన్న ఫైనల్ మూడూ ఇరవై అయినా మొదలు కాలేదు, కోర్టు మీద పైకప్పు నుంచి నీటి చుక్క పడుతోందట, ఒకాయన నిచ్చెనెక్కి చూస్తున్నాడు, ఇంకొకాయన కింద గుడ్డ పరిచి పాదంతో తుడుస్తున్నాడు, నా కూతురు నికెన్ గోడవార నిలబడి చేతిలో తాడు లేకుండానే తాడాట ఆడుతున్నట్టు ఎగురుతోంది, నా ఒళ్ళో సంచిలో దాని ఫోను మళ్ళీ వణికింది. తీయకూడదనుకున్నాను. తీశాను. రారస్. "రేవుకొచ్చేశాం. గేటు దగ్గర నీలం పట్టా కింద కూర్చున్నాం. ఓడ ఐదింటికేనంట." దాని కింద ఇంకోటి. "నీ ఆట అయిపోయిందా?" ఇంకా మొదలే కాలేదు తల్లీ అని నోట్లోనే అనుకున్నాను, ఆ పిల్లకి వినపడుతుందన్నట్టు. ఒకటో తరగతి నుంచీ నికెన్ పక్కన కూర్చున్న పిల్ల. వాళ్ళ నాన్నకి సముద్రం అవతల బాలిక్‌పాపన్‌లో పని దొరికింది, ఇల్లు ఖాళీ చేశారు, సెలవులకి జొంబాంగ్‌లో అమ్మమ్మగారి ఊరెళ్ళి అటు నుంచి అటే ఓడెక్కుతున్నారు, మళ్ళీ సురబాయా వస్తారో రారో వాళ్ళకే తెలీదు. ఇదంతా నాకు తెలుసు. బుధవారం నుంచీ తెలుసు. అక్కడ ఎగురుతోందే నికెన్, దానికే తెలీదు.

కోచ్ హర్తోనో సార్ పెట్టిన నియమం, ఎంపిక పోటీలకి పదిహేను రోజుల ముందు నుంచీ పిల్లల ఫోన్లు తల్లుల దగ్గర ఉండాలి. మంచి నియమమే అనుకున్నాను అప్పుడు, మొక్కజొన్న కంకి తింటూ కూడా ఫోను చూసే పిల్ల కనీసం నా మొహం చూస్తుందని. బుధవారం టెంపే, ఆ సోయా ముక్కలు, వేయిస్తుంటే బల్ల మీద ఆ ఫోను మోగింది, రారస్ పెద్ద ఉత్తరమంత రాసింది, శనివారం ఐదింటికి ఓడ, నువ్వు రావాలి, వస్తావుగా, నీ కోసం మూడింటి నుంచే రేవులో ఉంటాను అని. నూనె చిటపటలాడుతోంది. శనివారం అంటే ఫైనల్. నికెన్‌కి చెబితే ఏం చేస్తుందో నాకు తెలుసు, రాత్రంతా నిద్రపోదు, అన్నం కెలుకుతుంది, రాకెట్ పట్టుకున్న చెయ్యి వదులైపోతుంది. "ఈ నాలుగు రోజులు దాని బుర్రలో ఆట తప్ప ఇంకోటి పెట్టకండమ్మా" అన్నారు సార్. సరే, చెప్పకుండా ఊరుకుంటే ఊరుకున్నదాన్ని, అక్కడితో ఆగానా? ఆ పిల్ల జవాబు కోసం చూస్తుందే, జవాబు రాకపోతే ఇంటికి ఫోను చేస్తుందే అని, చేతులు తుడుచుకుని, నికెన్ ఎలా రాస్తుందో పైకి జరిపి చూసుకుని, ముక్కలు ముక్కలుగా రాస్తుంది, సగం మాటలు మింగేస్తుంది, అలాగే నేనూ మింగేసి, నా కూతురి పేరుతో టైపు చేశాను. "మ్యాచ్ ఉంది. రాలేను. జాగ్రత్తగా వెళ్ళు." పంపేశాక చూస్తే టెంపే ఒక వైపు మాడిపోయింది. ఐదు నిమిషాలకి జవాబు. "కప్పా అనలేదేంటి, కోపమా నా మీద?" కప్ప. నికెన్ దాన్ని కప్ప అని పిలుస్తుందని నాకు తెలుసు, ఆరేళ్ళుగా వింటున్నాను, ఆ క్షణంలో గుర్తు రాలేదు. దానికి నేనేం రాయలేదు. తర్వాత ఇంకోటి వచ్చింది, "సరేలే, ఆట త్వరగా అయిపోతే రా".

మొదలైంది. గాలికి షటిల్ పక్కకి పోతుందని ఫ్యాన్లు ఆపేశారు, తలగుడ్డ కింద చెమట చెవుల వెనక నుంచి మెడలోకి కారుతోంది, పక్కన తంత్రి వాళ్ళమ్మ అట్టముక్కతో తనకీ నాకూ కలిపి విసురుతోంది. ఆరేళ్ళుగా ఈ బల్లల మీద పక్కపక్కనే కూర్చున్నాం, ఆవిడ పేరేంటో నాకు తెలీదు, నా పేరు రెత్నో అని ఆవిడకీ తెలీదు, నేను నికెన్ వాళ్ళమ్మని, ఆవిడ తంత్రి వాళ్ళమ్మ. నికెన్ సర్వీసు. ఎదురుగా ఉన్నది మలాంగ్ అమ్మాయి, నికెన్ కన్నా జానెడు పొడుగు, చేతులు ఎక్కడికైనా అందుతున్నాయి. నాలుగు నాలుగు. ఏడు ఐదు. ఈ హాల్లోనే, మామూలు సాధన రోజుల్లో, రారస్ ఆ మూల కూర్చునేది, బడి నుంచి నేరుగా వచ్చి, హోంవర్కు ఒళ్ళో పెట్టుకుని, మడమల మీద గొంతుక్కూర్చుని, అందుకే కప్ప, అచ్చం గట్టు మీద కప్పలా. మొదట్లో సార్ కసురుకునేవారు, ఆడని పిల్లకి ఇక్కడేం పని అని. అదేమో చెల్లాచెదురైన షటిళ్ళన్నీ ఏరి, ఈకలు విరిగినవి ఒక డబ్బాలో, బాగున్నవి ఇంకో డబ్బాలో వేసి పెట్టేది, పది రోజుల తర్వాత ఒకరోజు రాకపోతే సారే అడిగారు, "ఆ ఈకల పిల్లేదీ?" అని. ఒకసారి నా పక్కన కూర్చుని అడిగింది. "ఆంటీ, నికెన్ గెలిస్తే ఇంకా ఎక్కువ ఆడాలా?" "అవునమ్మా." "ఓడిపోతే?" "ఓడిపోతే ఇంకా ఎక్కువ సాధన చేయాలి కదా." "అయితే తక్కువ ఎప్పుడు ఆడుతుంది?" నవ్వాను. తంత్రి వాళ్ళమ్మకి కూడా చెప్పి నవ్వించాను. ఈ పిల్ల గడుసుది అన్నాను. ఇరవై ఒకటి పద్దెనిమిది, మొదటి గేము నికెన్‌ది, అందరూ చప్పట్లు కొడుతున్నారు, నేనూ కొడుతున్నాను, సంచిలో ఫోను నా తొడ మీద వణుకుతూనే ఉంది.

మూడూ నలభై. ఇక్కణ్ణుంచి తన్‌జుంగ్ పెరక్ రేవుకి మోటారు సైకిల్ మీద అరగంట, శనివారం సాయంత్రం కాబట్టి ఇంకో పది నిమిషాలు వేసుకోవాలి. రెండో గేము కూడా గెలిచేస్తే నాలుగుకల్లా అయిపోతుంది, నాలుగూ పదికి బయల్దేరినా అందుకోవచ్చు, ఓడలు ఏనాడు టైముకి కదిలాయి కనక. గెలువు, త్వరగా గెలువు. ఇందాక ఆటకి ముందు నమాజుకి వెనక గదిలో నిలబడితే ఏం అడగాలో తెలియలేదు, గెలిపించమని అడగబోయి ఆగిపోయాను, గెలిస్తే పై నెల ఒకటో తారీఖున దాన్ని తీసుకుపోతారు, మధ్య జావాలో పెద్ద క్లబ్బు హాస్టలు, ఆదివారం ఒక గంట ఫోను, ఏడాదికి రెండుసార్లు ఇల్లు. దీని కోసమే కదా. ఏడేళ్ళ వయసులో దాని మణికట్టు పట్టుకుని చూసి హర్తోనో సార్, "ఈ చెయ్యి ఇంట్లో పెట్టుకునేది కాదమ్మా" అన్న రోజు నుంచీ పొద్దున్నే ఐదింటికి లేచింది దీని కోసమే కదా. రైల్లో గార్డు పని చేసే మా ఆయన సిగిత్ ఇంట్లో ఉన్న రోజు నేను హాల్లో ఉంటాను, నేను ఇంట్లో ఉన్న రోజు ఆయన రైల్లో ఉంటాడు, బుధవారం ఫోనులో అడిగాను, రారస్ వెళ్ళిపోతోందట, చెప్పనా వద్దా అని. "నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి" అన్నాడు. ఎప్పుడూ అంతే, బండి కదలాలో వద్దో పచ్చజెండా ఊపే మనిషి, ఇంట్లో మాత్రం జెండా నా చేతికే ఇస్తాడు.

రారస్ పదో పుట్టినరోజు. జెంబెర్‌లో పోటీ ఆడి తిరిగొచ్చేసరికి చీకటి పడింది, అందరూ తినేసి వెళ్ళిపోయారు, బుడగలు నేల మీద దొర్లుతున్నాయి, వాళ్ళమ్మ చీపురు పట్టుకుని ఉంది. నికెన్ ఇంకా ఆట బట్టల్లోనే ఉంది. రారస్ లోపలికెళ్ళి పళ్ళెం తెచ్చింది, పసుపన్నం, కోడిగుడ్డు, కొబ్బరి వేపుడు, మూత పెట్టి దాచింది, తను కూడా తినకుండా. ఇద్దరూ మెట్టు మీద కూర్చుని ఒకే పళ్ళెంలో తిన్నారు. మిగతా పిల్లలెవరూ అలా దాచలేదు, ఎందుకు దాచాలి, మొదట పిలిచేవాళ్ళు, తర్వాత పిలిచి, "నువ్వు ఎలాగూ రావులే" అనేవాళ్ళు, ఆ తర్వాత పిలవడం మానేశారు. బడి వాళ్ళు బ్రోమో కొండకెళ్ళారు, నికెన్ వెళ్ళలేదు. పండుగ మర్నాడు వీధి పిల్లలందరూ ఇల్లిల్లూ తిరిగి పెద్దల చేతులు కళ్ళకద్దుకుంటుంటే ఇది ఖాళీ హాల్లో గోడకేసి షటిల్ కొట్టుకుంటోంది. పోయిన ఏడాది పక్కింటావిడ, "మా అమ్మాయి పుట్టినరోజు" అని నోరు తెరిచిందో లేదో, "రాను ఆంటీ" అంది నికెన్. ఏ రోజు అని కూడా అడగలేదు. ఆవిడ నా వంక చూసింది. నేను తల దించుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకున్నాను. వారానికొక్క రోజు వదలండి సార్, ఆదివారం మధ్యాహ్నమైనా, అని ఒక్కసారి అడిగాను హర్తోనో సార్‌ని. ఆయన కోప్పడలేదు. "వదలొచ్చమ్మా. మలాంగ్‌లో ఒక అమ్మాయి ఉంది, వాళ్ళమ్మ వదలట్లేదు" అన్నారు. ఆ మలాంగ్ అమ్మాయి ఇప్పుడు ఎదురుగా ఉంది, పదకొండు ఎనిమిది ముందంజలో ఉంది, ఆ పిల్లకి కూడా ఎక్కడో పసుపన్నం చల్లారిపోయి ఉంటుంది.

పన్నెండు పదహారు. నికెన్ వెనక్కి వెళ్ళడం ఆలస్యమవుతోంది, కాళ్ళు బరువెక్కాయి. ఫోనులో ఈసారి గొంతు సందేశం. పక్కనున్న ఆవిడకి వినపడకుండా చెవికి అదుముకున్నాను. ముందు గాలి, మైకులో ఎవరో తప్పిపోయిన మనిషిని పిలుస్తున్న చప్పుడు, తర్వాత రారస్. "నికెన్, నువ్వు కోపంగా ఉన్నావని మా అమ్మతో అంటే, కోపం కాదే, ఆటలో ఉంది అంటోంది. నేను వెళ్ళిపోతున్నానని కోపమైతే నేనేం చేయను చెప్పు, నన్నెవరూ అడగలేదు. ఓడ పెద్దదే, ఆరంతస్తులుంది. మేం ఎక్కేస్తున్నాం. ఎడమ పక్క నిలబడతాను. ఊరికే వచ్చి చెయ్యి ఊపినా చాలు." మళ్ళీ విన్నాను. మూడోసారి కూడా విన్నాను. పదమూడేళ్ళ పిల్ల నా అబద్ధానికి తప్పు తన వైపు వెతుక్కుంటోంది. లేచి నిలబడ్డాను, వెనకవాళ్ళు కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఎవరికైనా చెప్పాలి, ఎవరికి, నా ఫోను తీసి పేర్లు జరుపుకుంటూ పోయాను, హర్తోనో సార్, స్ట్రింగులు బిగించే దుకాణం, తంత్రి వాళ్ళమ్మ, సెలిన్ వాళ్ళమ్మ, బండి రిపేరు. పెళ్ళికి ముందు కుట్టు మిషన్ల దగ్గర నా పక్కన కూర్చున్న యాంతి నంబరు ఉండాలి, ఉంది, కిందటిసారి దాన్తో మాట్లాడి నాలుగేళ్ళయింది, వాళ్ళబ్బాయి సున్తీ విందుకి రాలేనని చెప్పడానికి. ఆ రోజూ పోటీయే. పదహారు ఇరవై ఒకటి. రెండో గేము పోయింది. చెరొకటి. మూడూ యాభై ఎనిమిది.

రెండు నిమిషాల విరామం. మధ్యలో పెద్దవాళ్ళెవరూ దగ్గరికి రాకూడదు, కోచ్ తప్ప. నేను ఎప్పుడు లేచానో, మెట్లు ఎలా దిగానో తెలీదు, ఇనుప కమ్మీల దగ్గరున్నాను, అవతల కుర్చీ మీద తువ్వాలు కోసం నికెన్ వంగింది, హర్తోనో సార్ అంపైర్‌తో ఏదో అంటున్నారు. నికెన్ అని పిలిచాను. తలెత్తింది. మొహం ఎర్రగా ఉంది, కనుబొమల మీంచి చెమట చుక్కలుగా పడుతోంది.

"రారస్ వాళ్ళు ఇవాళే వెళ్ళిపోతున్నారు. ఐదింటికి ఓడ. నిన్ను రమ్మంది. నేను నీకు చెప్పలేదు."

తువ్వాలు మొహానికి పెట్టుకుంది. తీసింది.

"నీకెప్పుడు తెలుసు?"

"బుధవారం."

నా వంకే చూస్తోంది. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, రాకెట్ కింద పడేసి పద అంటుందనుకున్నాను, నిజం చెప్పాలంటే పద అంటే బాగుండనుకున్నాను, అప్పుడు నేను ఎంచుకోనక్కర్లేదు, అదే ఎంచుకున్నట్టవుతుంది.

"ఇప్పుడెందుకు చెప్పావమ్మా?" అంది మెల్లగా.

నాలుగు రోజులు నేను మొయ్యలేక మొయ్యలేక మోసింది తీసుకొచ్చి, సరిగ్గా దానికి రెండు చేతులూ ఖాళీ లేని చోట దాని నెత్తిన పెట్టాను. అంపైర్ పిలిచాడు. సార్ నా పక్కకొచ్చి, "ఏం చెప్పారమ్మా దానికి?" అని పళ్ళ మధ్య నుంచి అడిగారు. ఏమీ లేదు సార్ అన్నాను.

అలాంటి ఆట నేను ఎప్పుడూ చూడలేదు. నికెన్ మెత్తగా ఆడే పిల్ల, నెట్ దగ్గర షటిల్‌ని పడుకోబెట్టినట్టు వేస్తుంది, అందరూ ఆ మెత్తదనం గురించే చెప్పుకుంటారు. మూడో గేములో ఒక్కటి కూడా మెత్తగా కొట్టలేదు. ఎక్కడ నిలబడితే అక్కణ్ణుంచి, ఎగిరి, నేలకేసి కొట్టింది. పాయింటుకీ పాయింటుకీ మధ్య మొహం తుడుచుకోలేదు, నీళ్ళు తాగలేదు, షటిల్ నేల మీద పడగానే తనే పరిగెత్తి తెచ్చుకుంది. ఐదు ఒకటి. పదకొండు మూడు. మలాంగ్ అమ్మాయి ఒకసారి భయపడి పక్కకి తప్పుకుంది. హాలంతా లేచి నిలబడింది. దానికి గెలుపు కావాలని కాదు, అయిపోవాలి, అంతే, ఇది నాకొక్కదానికే తెలుసు. నా బొటనవేలు నికెన్ ఫోను మీద ఉంది. బుధవారం నాటి నా మాటల మీద ఆనించి పట్టుకున్నాను, తొలగించాలా అని అడిగింది. ఇక్కడ తీసేస్తే దీని కంట పడదు. రారస్ దగ్గర ఉంటుంది, ఉండనీ, సముద్రం అవతల ఉంటుంది. తంత్రి వాళ్ళమ్మ మెట్లు దిగొచ్చి నా భుజం పట్టుకు ఊపింది. "ఏం మంత్రం వేశారండీ, పిల్ల పులైపోయింది." ఫోను చటుక్కున సంచిలో పడేశాను. తొలగించమన్నానో, వద్దన్నానో, ఆ కంగారులో ఏది నొక్కానో నాకే తెలీలేదు. ఇరవై ఒకటి ఏడు. నాలుగూ పన్నెండు.

హాస్టలు వాళ్ళు ఇద్దరు వచ్చి నాతో మాట్లాడారు, ఆడా మగా, ఆవిడ నవ్వుతూ, "రెండు గేములదాకా సందేహంగానే ఉన్నామమ్మా, ఆ మూడో గేము చూశాక ఇంక మాట్లాడేదేముంది" అంది, కాగితం చేతిలో పెట్టింది, ఒకటో తారీఖు అంది, నేను తలూపుతున్నాను, కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. నికెన్ అప్పటికే బయట బండి పక్కన, సంచీ వీపున వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉంది. పతకం ఇవ్వడానికి పేరు పిలుస్తున్నారు లోపల.

లారీల మధ్య బండి దూర్చాను, ఎర్రదీపం ఒకటి దాటేశాను, పెరక్ రోడ్డు మీద కంటెయినర్ల వెనక ఆగినచోట ఫుట్‌పాత్ ఎక్కించాను, ఒకాయన తిట్టాడు. ప్రతి గోతి దగ్గరా దాని చేతులు నా నడుము చుట్టూ పడతాయేమోనని చూశాను, వెనక కమ్మీ పట్టుకుంది. నాలుగూ యాభై రెండు. గేటు దగ్గర కాపలా మనిషి, టికెట్ లేనిదే లోపలికి లేదన్నాడు, చిన్నపిల్ల బాబూ, ఒక్కసారి చెయ్యి ఊపి వచ్చేస్తుంది అని బతిమాలాను, ఓడ మెట్లు తీసేశారక్కా, ఇంక వెళ్ళినా ఏముంటుంది అన్నాడు. కంచె సందులోంచి ఓడ పై అంతస్తు కనిపిస్తోంది, తెల్లగా, దాని మీద చీమల్లా మనుషులు. ఎడమ పక్క అంది, కానీ ఓడ అవతలికి తిరిగి ఉంది, మాకు కనిపిస్తున్నది కుడి పక్క. టైముకే కదిలింది.

"ఫోనివ్వు" అంది నికెన్.

ఇచ్చాను. మొదటి నుంచీ చదివింది. పైకి జరిపింది, ఆగింది, అక్కడే చాలాసేపు ఆగింది. నేను తొలగించలేదన్నమాట. "ఇది నువ్వు రాశావా?" అని అడగలేదు. తల ఎత్తలేదు. గొంతు సందేశం చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత ఫోను చేసింది, మోగి మోగి ఆగిపోయింది, మళ్ళీ చేసింది, ఎత్తారు. నా వైపు వీపు పెట్టి కంచె వెంబడి నడుచుకుంటూ టైర్ల గుట్ట దాకా వెళ్ళిపోయింది. ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. ఒకసారి నవ్విందనుకున్నాను, భుజాలు కదిలితే. నవ్వు కాదేమో. ఓడ రేవు దాటి మదురా దీవి వైపు తిరిగేదాకా అక్కడే ఉంది, సిగ్నలు పోయినట్టుంది, ఫోను చూసుకుంది, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది, దించేసింది.

తిరిగొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"నా పేరు రాశారా హాస్టలు వాళ్ళు?"

"రాశారమ్మా. ఒకటో తారీఖు రమ్మన్నారు."

"ముందే వెళ్ళొచ్చా?"

ఇంకా పద్దెనిమిది రోజులుంది, మీ నాన్న వచ్చే వారం వస్తాడు, అందరం కలిసి ఎక్కడికైనా వెళదాం, నీకు ఎక్కడికెళ్ళాలనుంటే అక్కడికి, సాధన వద్దు, ఏమీ వద్దు, అని చెప్పాలి. నోరు తెరిచాను. అది నా మొహం చూడటం లేదు, రోడ్డు చూస్తోంది. అక్కడే నిలబడి హర్తోనో సార్‌కి ఫోను చేశాను. ఆయన సంతోషంగా ఉన్నారు, పతకం నా దగ్గరుందమ్మా అన్నారు, పిల్ల అంత ఉత్సాహంగా ఉంటే ఆపడమెందుకు, నేను వాళ్ళతో మాట్లాడతాను అన్నారు. మూడు నిమిషాల్లో ఆయనే తిరిగి చేశారు.

"సోమవారం రమ్మన్నారు" అన్నాను.

"సరే" అంది నికెన్. బండెక్కి, నేను స్టార్ట్ చేయడం కోసం ఎదురు చూసింది.